కోట్లు తొడిగే చిన్నక్క

పాలు తాగడం అయిపోయి గ్లాసులన్నీ పళ్ళెంలోకి చేరగానే టీచరమ్మ రెండు చప్పట్లు కొట్టి "మంచులోకి!" అనేది. ఆ ఒక్క మాటతో పిల్లలందరూ గోలీల సంచీ ఒలికినట్టు గదిలోంచి నడవాలోకి దొర్లుకొచ్చేవాళ్ళు. నడవా ఎంతో కాదు. ఇద్దరు పెద్దవాళ్ళు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కోవాలి. ఆ గోడ పొడుగునా కొక్కేలు, కొక్కేలకి లావుపాటి కోట్లు, కోట్ల కింద రబ్బరు బూట్లు, బూట్లలో నిన్నటి తడి ఆరని మేజోళ్ళు. చివర పెరటి తలుపుకి ఆనుకుని ఒక పొట్టి పీట. పీట మీద చిన్నక్క.

"చిన్నక్కా, నాది ముందు!"

"చిన్నక్కా, వీడు నా బూటు వేసుకున్నాడు!"

"చిన్నక్కా, నా చెయ్యి పోయింది!"

చెయ్యి ఎక్కడికీ పోదు. లోపలి చొక్కా మడతపడి కోటు చేతిలో ఇరుక్కుని ఉంటుంది. చిన్నక్క కోటు అంచులోంచి వేళ్ళు దూర్చి ఆ చేతిని వెతికి బయటికి లాగేది. ముందు బూట్లు, తర్వాత కోటు, ఆ పైన జిప్పు, మఫ్లరు, టోపీ, అన్నిటికన్నా చివర చేతి తొడుగులు. ఈ వరస తప్పితే మళ్ళీ మొదటికే. తొడుగులు ముందు వేసుకున్నవాడి చేతులు కోటులో పట్టవు. టోపీ ముందు పెట్టుకున్నదాని మఫ్లరు నిలవదు. చివరి పిల్లకి జిప్పు లాగేసరికి మొదటివాడికి లోపల చెమటలు పట్టి, మొహం ఎర్రబడి, సరిగ్గా అప్పుడే అనేవాడు:

"చిన్నక్కా, ఒంటికి."

కట్టిన మూటంతా విప్పాలి. మళ్ళీ కట్టాలి.

అందరూ పెరట్లోకి వెళ్ళాక కాసేపు తలుపవతల కేకలు, నవ్వులు వినిపించేవి. ఆమె కింద పడ్డ టోపీలు ఏరి, నీళ్ళు తుడిచి లేచేలోపు తలుపు తెరుచుకుని ఆ మూటలన్నీ తిరిగొచ్చేవి. ఇప్పుడు విప్పడం. ఆ చలికాలమంతా వీధుల్లో మంచు కురుస్తూనే ఉంది గాని, చిన్నక్కకి మాత్రం అది పిల్లల బూట్ల కింద కరిగే మురికి నీళ్ళుగానే తెలుసు.

బడి ఆ ఇంట్లోనే. ముందు రెండు గదులు బడి, వెనక రెండు గదులు సంసారం. టీచరమ్మ చిన్నక్కకి సొంత వదిన. అన్నయ్యది ఊరి నీళ్ళ గొట్టాలు బాగుచేసే ఉద్యోగం. చలికి గొట్టాలు పగిలే రోజుల్లో అతను ఇంట్లో ఉన్నా లేనట్టే, తిండి దగ్గర కూడా కునికిపాట్లే.

తల్లి మంచాన పడేనాటికి చిన్నక్క తొమ్మిదో తరగతిలో ఉంది. "ఈ ఏడు మానెయ్, వచ్చే ఏడు వెళ్దువుగాని" అన్నారు ఇంట్లో. ఆ వచ్చే ఏడు రాలేదు, తల్లీ మిగల్లేదు. అన్నయ్య తన దగ్గరికి తెచ్చుకున్నాడు. అప్పుడే వదిన బడి పెట్టింది. "నాలుగు రోజులు సాయం చెయ్యవే, మనిషిని చూసుకునేదాకా" అంది. మనిషిని ఎవరూ చూడలేదు. చూడాల్సిన అవసరం లేకుండా చిన్నక్కే చేసిపెట్టింది.

వదిన చెడ్డదై ఉంటే చిన్నక్కకి సులువుగా ఉండేది. వదిన చెడ్డది కాదు. ఆమె పాట ఎత్తుకుంటే ఏడ్చే పిల్ల నోరు తెరిచినట్టే ఉంచి ఏడుపు మర్చిపోతుంది. మంచు మీద పుల్లతో అక్షరాలు రాయించేది, కిటికీ అంచున గింజలు పెట్టి, వచ్చిన పిట్టల్ని లెక్కపెట్టించేది, జత తప్పిన చేతి తొడుగులన్నీ నేల మీద గుట్టపోసి "దేనికి దేంతో పెళ్ళి?" అని జతలు కలిపించేది. తనకి శాలువా కొనుక్కుంటే ఆడపడుచుకీ కొనేది. వచ్చినవాళ్ళందరికీ "ఇది నా కుడి చెయ్యండీ" అని భుజం మీద చెయ్యేసి చూపించేది. అలాంటి కుడి చెయ్యి ఒకరోజు నేను వేరే ఊరు చూసొస్తానంటే ఏ మనిషి మాత్రం సరేనంటుంది?

చిన్నక్క పడుకునేది వెనక గదిలో, అట్టపెట్టెల మధ్య. దూది కట్టలు, రంగు కాగితాలు, జిగురు సీసాలు అన్నీ అక్కడే. సాయంత్రాలు వంట అయ్యాక మర్నాటికి కాగితపు మంచుపువ్వులు కత్తిరించి పెట్టడం, దూదితో మంచుబొమ్మల పొట్టలు అంటించడం ఆమె పనే. దుప్పటికి కూడా జిగురు వాసన పట్టింది. ఆ గదికి కిటికీ ఉంది గాని, తెరిస్తే పక్కింటి గోడ.

బడికొచ్చే పిల్లల్లో ఒకతెని అందరూ పిచ్చుక అనేవాళ్ళు. గింజంత తిండి, పిట్టంత మనిషి. మాటలు మాత్రం పిచ్చుకవి కావు, రోజుకి నాలుగు మాట్లాడితే గొప్ప. పొద్దున్న తాత తెచ్చి దించేవాడు. మధ్యాహ్నం తల్లి వచ్చి తీసుకెళ్ళేది. తల్లి బస్సు నడుపుతుంది. నీలం యూనిఫారం కోటుతో, చెవులు మూసే టోపీతో, దూరం నుంచే మాట్లాడుకుంటూ వచ్చేది.

"ఏమ్మా చిన్నక్కా, ఆ పీట మీదే పుట్టావా ఏంటి? నేనెప్పుడొచ్చినా అక్కడే ఉంటావు."

చిన్నక్క నవ్వి, పిచ్చుక టోపీ తాడు ముడివేసింది.

"నిన్నే. మా డిపోలో కండక్టర్లని తీసుకుంటున్నారు. ఆడపిల్లలే కావాలంట. ఎనిమిది చదివితే చాలంట. వచ్చే నెల మొదటి సోమవారం శిక్షణ మొదలు. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా. నేను మా పెద్దాయనతో మాట్లాడతాను, నువ్వు ఊ అను."

"నాకు మాట్లాడ్డం రాదక్కా."

"టికెట్ టికెట్ అనడానికి ఏం మాటలు కావాలే? ఇంతమంది రాక్షసులకి బూట్లు తొడుగుతున్నావు. మావాళ్ళు కనీసం ఎవరి బూట్లు వాళ్ళే వేసుకుని ఎక్కుతారు."

పిచ్చుక తల్లి కోటు అంచు పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

ఆ మాట చిన్నక్క లోపల ముల్లులా దిగబడింది. ఊళ్ళో బస్సు చివరి స్టాపు వంతెన అవతల ఎక్కడో ఉందని వినడమే. బస్సు నుదుటి మీద ఆ పేరు వెలుగుతూ వెళ్తుంటే ఎన్నోసార్లు చూసింది. అక్కడ ఏముందో చూడలేదు. ఏమీ లేకపోయినా ఫరవాలేదు, ఒకసారి అక్కడ దిగి, మళ్ళీ ఎక్కి రావాలనిపించేది. ఈ ఉద్యోగమైతే రోజుకి ఎన్నిసార్లయినా ఆ చివరికి వెళ్ళొచ్చు.

వదినకి చెప్పాలి. కంచాల ముందు కూర్చున్న ప్రతిసారీ మాట నోటిదాకా వచ్చేది, నీళ్ళు నమిలేది. చివరికి ఒకనాడు అన్నయ్య కునుకు తియ్యకుండా ఉన్న సమయం చూసి, కూర వడ్డిస్తూ, కూరతోనే చెప్తున్నట్టు చెప్పింది.

"డిపోలో... కండక్టర్లని తీసుకుంటున్నారంట వదినా. పిచ్చుక వాళ్ళమ్మ చెప్పింది."

"ఉద్యోగం ఎవరికంట?"

"నాకు."

వదిన నవ్వింది. వెక్కిరింత కాదు, నిజంగానే నవ్వొచ్చి నవ్వింది. "నువ్వా! ‘ముందుకి జరగండి’ అని నువ్వంటే జనం నీ నోటి దగ్గర చెవి పెట్టి ‘ఏంటమ్మా’ అని అడగాలి!"

అన్నయ్యకి పొలమారింది. నీళ్ళు తాగి, కళ్ళు తుడుచుకుని, "పోనీలే, పాపం" అన్నాడు. ఏది పోనీయాలో చెప్పలేదు.

"వెళ్ళవే, నేనేమైనా కట్టేశానా?" అంది వదిన. "ఈ పిల్లలందరూ ఎవరి కోటు వాళ్ళు తొడుక్కున్న రోజు నువ్వు బస్సెక్కు, కావాలంటే విమానమెక్కు. నేనే నీ సంచీ సర్ది పంపిస్తా."

"నిజంగానా?"

"అన్నాను కదా. ఆ మజ్జిగ ఇటివ్వు."

నోట్లో నాలుక లేని మనుషులతో ఒక చిక్కుంది. ఎదుటివాళ్ళు సరదాకి అన్న మాట కూడా వాళ్ళకి రాతి మీద చెక్కినట్టుంటుంది. చిన్నక్క ఆ మాటని పట్టుకుంది.

మర్నాడు పీట మీద కూర్చుని, ఒక్కొక్క పిల్లనీ కొత్తగా చూసింది. అప్పుడు తెలిసింది, వీళ్ళకి ఏదీ రాకపోవడానికి కారణం తనేనని. వీడు బూటులో కాలు పెట్టేలోపు తనే తోసేస్తుంది. అది జిప్పు పట్టుకునేలోపు తనే లాగేస్తుంది. తొందరగా అయిపోవాలని, వదిన మాట పడకూడదని, ఇన్నేళ్ళుగా పిల్లల చేతుల్లోంచి పనులు లాక్కుని తన చుట్టూ తనే గోడ కట్టుకుంది. ఎవరో వచ్చి తాళం వెయ్యలేదు.

కోటు తొడగడంతో మొదలుపెట్టింది. కోటుని నేల మీద వెల్లకిలా పరచాలి, మెడ భాగం తమ కాళ్ళ వైపు ఉండాలి. వంగి రెండు చేతులూ కోటు చేతుల్లోకి దూర్చి, కోటుని తల మీదుగా వెనక్కి గిరాటెయ్యాలి. అంతే, తొడుక్కున్నట్టే. మొదటిరోజు నడవా అంతా కుస్తీ పట్ల మైదానం. ఒకడి కోటు పక్కవాడి నెత్తిన పడింది. ఎప్పుడూ ముక్కు చీదే తుమ్ముల రాణి తలకిందులుగా తొడుక్కుని, కోటుకున్న టోపీ నడుం దగ్గర వేలాడుతుంటే "నాకు తోకొచ్చింది!" అని గెంతింది. దేనికైనా తీర్పు చెప్పే ఒక గంభీరమైన పిల్లవాడిని జడ్జీ అనేవాళ్ళు. వాడు చేతులు కట్టుకుని నిలబడి, "ఇది తప్పు చిన్నక్కా. కోటు అంటే పెద్దవాళ్ళు వెయ్యాలి" అన్నాడు.

"పెద్దవాళ్ళు లేకపోతే?"

వాడు ఆలోచించాడు. "అప్పుడు బయటికి వెళ్ళకూడదు."

ఆ తీర్పు చిన్నక్కకి చెంప మీద కొట్టినట్టు తగిలింది.

జిప్పు ఇంకా కష్టం. పాత కోట్ల జిప్పులు విప్పి దిండు గలీబులకి కుట్టి, పాలయ్యాక ఒళ్ళో పెట్టుకుని నేర్పింది. ఒక అంచున ఉన్న పుల్లని రెండో అంచు గూట్లో పెట్టాలి, అడుగు దాకా తొయ్యాలి, కదలకుండా పట్టుకోవాలి, అప్పుడు పైకి లాగాలి. చాలామంది అడుగు దాకా తొయ్యకుండానే లాగేవాళ్ళు. కింద నోరు తెరుచుకునేది. నాలుక బయటపెట్టి, కళ్ళు చికిలించి, ఊపిరి బిగబట్టి ఒక్కొక్కళ్ళూ అలా వంగి కూర్చుంటే గది నిశ్శబ్దమైపోయేది. వదిన బల్ల దగ్గర నుంచి చూసి ముచ్చటపడింది.

"ఏమే, భలే ఉపాయం కనిపెట్టావే! నాకు చెప్పనే లేదు!" అని అప్పటికప్పుడు దానికో పాట కట్టేసింది. పుల్ల గూట్లోకి, గూడు కిందికి, రైలు పైకి పైకి అని. రెండు రోజుల్లో ఆ పాట అందరి నోళ్ళలోనూ పడింది. చిన్నక్క గలీబులు మడిచి పెట్టింది. తను ఎందుకు నేర్పుతోందో వదినకి గుర్తుండే ఉంటుందని అనుకుంది. అడగొచ్చు. కానీ అడిగితే గుర్తుందో లేదో తెలిసిపోతుంది.

ఒక్కొక్కరే దారిలో పడ్డారు. మొదట తుమ్ముల రాణి. తర్వాత ఇద్దరు కవలలు ఒకరి జిప్పు ఒకరు లాగి, తర్వాత ఎవరిది వాళ్ళు. జడ్జీకి వచ్చిన రోజు వాడు ఎవరికీ చెప్పలేదు. నిలబడి మెడ దాకా లాగేసుకుని, "సరే, ఇది కూడా సరైన పద్ధతే" అన్నాడు. నెల చివరికొచ్చేసరికి మిగిలింది పిచ్చుక ఒక్కతే.

పిచ్చుక రోజూ వచ్చి పీట ముందు నిలబడేది. కోటు గిరాటు వచ్చింది. బూట్లు వచ్చాయి. జిప్పు దగ్గరికి వచ్చేసరికి చేతులు రెండూ పక్కకి వేలాడేసి గడ్డం పైకెత్తేది.

"పట్టుకో తల్లీ. ఇదిగో పుల్ల."

పిచ్చుక పట్టుకునేది కాదు.

"నీకొక్కదానికే రావట్లేదు, చూడు, అందరూ వెళ్ళిపోతున్నారు."

అందరూ వెళ్ళిపోవడం పిచ్చుకకి బాగానే ఉన్నట్టుంది. నడవాలో ఇద్దరే మిగిలేవాళ్ళు. చిన్నక్క వంగి జిప్పు లాగుతుంటే ఆ పిల్ల ఊపిరి వెచ్చగా ఆమె నుదుటికి తగిలేది.

ఒకరోజు ఆమెకి ఓపిక పోయింది. సోమవారం ఎంతో దూరంలో లేదు. "నీ మూలానే ఆగిపోయాను! నువ్వొక్కదానివే!" అని జిప్పుని విసురుగా లాగింది. మెడ చర్మం చిక్కుకోలేదు గాని, పిచ్చుక కళ్ళు గుండ్రంగా అయ్యాయి. ఏడవలేదు. బయటికి వెళ్ళిపోయింది. చిన్నక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ ఇంట్లో ఆమె ఎవరి మీదా గొంతెత్తింది లేదు. మొదటిసారి ఎత్తితే అది పిట్టంత పిల్ల మీద పడింది.

మర్నాడు గడ్డకట్టిన గిన్నెల రోజు. ముందురోజు పిల్లలందరూ గిన్నెల్లో నీళ్ళు పోసి, ఒకరు ఎండుటాకు, ఒకరు గుండీ, ఒకరు రిబ్బను ముక్క వేసి పెరట్లో వదిలారు. రాత్రికి అన్నీ గాజు బిళ్ళల్లా అయ్యాయి. ఇప్పుడు లోపలిది ఎలా బయటికి తియ్యాలి అన్నది పాఠం. ఒకరు ఉప్పు చల్లుతున్నారు, ఒకరు నోటితో ఆవిరి ఊదుతున్నారు, ఒకడు గిన్నెని పొట్టకి హత్తుకుని కూర్చున్నాడు.

కోట్లు ఎవరివి వాళ్ళు తొడుక్కోవడంతో చిన్నక్కకి చేతినిండా తీరిక దొరికింది. తనూ కోటు వేసుకుని, చాలా కాలానికి, పిల్లలు బయట ఉండగానే పెరట్లోకి వచ్చింది. మంచు ఇంత తెల్లగా ఉంటుందా అనిపించింది. నీళ్ళ తొట్టి వెనక ఎవరో కదిలారు. తొంగిచూసింది.

పిచ్చుక మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. అందరికన్నా చిన్నవాడి జిప్పు ఊడింది. పిచ్చుక తొడుగులు తీసి పళ్ళతో పట్టుకుంది. పుల్ల గూట్లో పెట్టింది, అడుగు దాకా తోసింది, ఒక్క లాగుకి మెడ దాకా తెచ్చింది. గడ్డానికి తగలకుండా మధ్యలో వేలు కూడా అడ్డం పెట్టింది. చిన్నక్క పెట్టేది అచ్చం అలాగే.

చిన్నవాడు పరిగెత్తాడు. పిచ్చుక తలెత్తి చూసింది.

చిన్నక్క పక్కన కూర్చుంది. "నీకు వచ్చా?"

తొడుగులు పళ్ళ మధ్యే ఉంచుకుని తలూపింది.

"ఎప్పట్నుంచి?"

"రాణికి వచ్చినప్పట్నుంచి."

"అయితే ఎందుకు పెట్టుకోవు?"

పిచ్చుక తొడుగులు తీసి ఒకటి వేసుకుంది. రెండోది వేసుకోవడానికి చాలాసేపు పట్టింది. "నాకొస్తే నువ్వు పెట్టవుగా."

చిన్నక్క ఆ తొడుగుల వైపు చూసింది. తను ఇంతకాలం తాళంచెవి కోసం వెతికిన తలుపుకి అవతల వైపు ఈ చిన్న చేతులు పట్టుకుని ఉన్నాయి. వీటిని విదిలించుకోవాలంటే ఎంత కష్టం! వదిన కూడా ఇంతే కదా, అనుకుంది. కావాలని చేసేదేం లేదు. పట్టుకోవడం అలవాటైపోయింది, అంతే.

అబద్ధం ఆడొచ్చు. ఆడలేదు.

"నేను వెళ్ళిపోదామనుకుంటున్నా పిచ్చుకా. మీ అమ్మ వాళ్ళ బస్సులోకి. నిన్న నీ మీద అరిచింది నీ తప్పు వల్ల కాదు, నా తొందర వల్ల."

"మా అమ్మ బస్సా?"

"ఆ."

పిచ్చుక గడ్డం కింద టోపీ తాడు నములుతూ ఆలోచించింది. "మా అమ్మ పొద్దున్నే చీకట్లో వెళ్ళిపోతుంది. నాకు చెప్పదు. లేస్తే ఉండదు."

"నేను చెప్పి వెళ్తా."

"సరే" అంది పిచ్చుక. బాగుందనీ అనలేదు, వెళ్ళమనీ అనలేదు. లేచి గిన్నెల దగ్గరికి వెళ్ళింది.

శనివారం తల్లిదండ్రుల్ని పిలిచారు, చలికాలం పాఠాలు చూపించడానికి. గోడలకి దూది మంచుబొమ్మలు, దారాలకి కాగితపు పువ్వులు, కిటికీలో పిట్టల లెక్క. చివర వదిన పెద్దవాళ్ళందర్నీ నడవా గోడకి నిలబెట్టి, "ఇప్పుడొక విశేషం చూడండి" అంది. చప్పట్లు కొట్టింది. పాట ఎత్తుకుంది. పిల్లలు కోట్లు పరిచారు, వంగారు, గాల్లోకి గిరాటేశారు. ఒక తండ్రి మొహానికి కోటు తగిలి అందరూ గొల్లుమన్నారు. పాట మూడోసారి తిరిగేసరికి జిప్పులన్నీ మెడల దాకా వెళ్ళాయి.

పిచ్చుక ఒక్కతే నిలబడి ఉంది. తల్లి డ్యూటీ మధ్యలో వచ్చినట్టుంది, టోపీ తియ్యకుండా చూస్తోంది. పిచ్చుక పుల్లని గూట్లో పెట్టింది. నెమ్మదిగా పొట్ట దాకా, గుండె దాకా లాగింది. అక్కడ ఆపి, చిన్నక్క వైపు చూసి, మిగతాదీ లాగేసింది.

పెద్దవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒక తల్లి, "టీచరమ్మగారూ, మా ఇంట్లో మేం నలుగురం కలిసినా వీడికి కోటు తొడగలేం!" అంది. వదిన మొహం వెలిగిపోయింది. చిన్నక్క దగ్గరికొచ్చి భుజాల చుట్టూ చెయ్యేసింది.

"ఇదంతా మా చిన్నది నేర్పిందేనండీ. అందుకే చెప్తున్నా, సోమవారం నుంచి మధ్యాహ్నం కూడా ఒక బ్యాచీ పెడుతున్నాం. రెండింటికి. ఎవరైనా ఉంటే చెప్పి పంపండి. పొద్దున బ్యాచీలో వీళ్ళు ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు, మాకేం ఇబ్బంది లేదు. మా చిన్నది ఉందిగా!"

ఆ చెయ్యి భుజం మీద వెచ్చగానే ఉంది. చిన్నక్కకి మాత్రం నడవా గోడలు రెండూ దగ్గరికి జరిగినట్టనిపించింది. పిచ్చుక తల్లి ఆమెనే చూస్తోంది. "చెప్పవే" అన్నట్టు కనుబొమలెగరేసింది. చిన్నక్క వంగి కింద పడ్డ టోపీ తీసింది.

అందరూ వెళ్ళాక వదిన పాట కూనిరాగం తీస్తూ చిట్టి కుర్చీలు బల్లల మీదికెక్కిస్తోంది. అన్నయ్య గుమ్మంలో తడి బూట్లు విప్పుతున్నాడు.

"వదినా, సోమవారం నేను డిపోకి వెళ్తున్నా."

"డిపోకి ఎందుకు?"

"శిక్షణకి. పిల్లలు కోట్లు తొడుక్కున్న రోజు వెళ్ళమన్నావు."

వదిన చేతిలో కుర్చీ అలాగే ఆగిపోయింది. "నేనా? ఎప్పుడన్నాను?... అయ్యో, అది! సరదాకి అన్నమాట పట్టుకుని ఇదంతా చేశావా?" నవ్వబోయింది. నవ్వు రాలేదు. "అంటే నాకోసం కాదన్నమాట. పాటలు కట్టించి, నాతో పాడించి, వెనక నుంచి సంచీ సర్దుకున్నావన్నమాట."

"సంచీ నువ్వే సర్దుతానన్నావు" అన్నాడు అన్నయ్య గుమ్మంలోంచి.

"మీరు నోరు మూసుకోండి! తినే వేళకి నిద్రపోతారు, మాట్లాడకూడని వేళకి లేస్తారు." వదిన కుర్చీ దబ్బున పెట్టింది. "అంతమంది ముందు చెప్పేశానే! ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను? రెండో బ్యాచీ నేనొక్కదాన్నీ ఎలా నెట్టుకొస్తాను?"

చిన్నక్క బల్ల అంచు పట్టుకుంది. "వాళ్ళకి చెప్పకముందు నన్నడగాల్సింది వదినా."

మాట చిన్నదే. గది మాత్రం ఒక్కసారి ఖాళీ అయినట్టయింది. ఇన్నేళ్ళలో ఆ పిల్ల నోట్లోంచి అలాంటిది రావడం ఆ ఇద్దరూ వినలేదు. వదిన మొహం పిల్లల్లాగే ముడుచుకుంది. "అడగాలని తోచలేదే. నిన్ను నేను వేరేగా ఎప్పుడూ అనుకోలేదు" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రెండు రోజులూ ఇంట్లో గిన్నెలే మాట్లాడాయి.

ఆదివారం సాయంత్రం చిన్నక్క పిచ్చుక వాళ్ళింటికి నడిచి వెళ్ళి, వాకిట్లోనే నిలబడి, "రేపు వెళ్తున్నా" అని చెప్పి వచ్చింది. పిచ్చుక "ఊ" అంది.

సోమవారం ఇంకా మసక మసకగా ఉండగానే చిన్నక్క వీధి తలుపు తీసింది. వదిన అప్పటికే మెట్ల మీద పారతో మంచు తోస్తోంది. తల తిప్పలేదు. చిన్నక్క మెట్లు దిగి నాలుగడుగులు వేశాక, వెనక నుంచి మామూలు గొంతు, ఏమీ జరగనట్టు వచ్చింది.

"ఒంటిగంటకి వదుల్తారుగా? రెండింటికల్లా వచ్చెయ్. కొత్తవాళ్ళొస్తారు."

"ఆ, వస్తా" అంది చిన్నక్క.

తోస్తే తలుపు తెరుచుకున్నట్టు వచ్చేసిందా మాట. సందు మలుపు తిరిగి స్టాపు చేరేదాకా ఏమన్నదీ ఆమెకే తెలియలేదు. తెలిశాక కాళ్ళు ఆగిపోయాయి. ఒంటిగంటకి వదిలితే రెండింటికి నిజంగానే రావొచ్చు. అదే ఆమెని భయపెట్టింది. అన్నీ సరిగ్గా సరిపోతాయి. పొద్దున అక్కడ, మధ్యాహ్నం ఇక్కడ, సాయంత్రం దూదీ జిగురూ. రేపు శిక్షణ పూర్తయి డ్యూటీలు పడితే, ‘మధ్యాహ్నం డ్యూటీ తీసుకోకు’ అంటారు. అప్పుడూ ‘ఆ’ అంటుంది. వెనక్కి వెళ్ళి చెప్పాలి. కానీ మంచులోంచి రెండు దీపాలు అప్పటికే వస్తున్నాయి.

తలుపు తెరుచుకుంది. పిచ్చుక తల్లి స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి, "ఎక్కవే, చలి లోపలికొస్తోంది" అంది.

"అక్కా, ఒక్క నిమిషం, ఇంటికి వెళ్ళి..."

"బస్సు ఆటో కాదే తల్లీ. ఎక్కుతావా, పొమ్మంటావా?"

ఎక్కింది. పనులకి వెళ్ళేవాళ్ళు ఉన్నారు, సగం నిద్రలో, టోపీలు కళ్ళ మీదికి దించుకుని. బస్సు ముందుకి వెళ్ళి, చుట్టు తిరిగి, చిన్నక్క వాళ్ళ వీధిలోకే మళ్ళింది. దారి అంతే. చిన్నక్క కిటికీ దగ్గరికి దూకినట్టు వెళ్ళింది. కిటికీ గడ్డకట్టి ఉంది. పిడికిలితో గుద్దింది, గోళ్ళతో గీకింది, బలమంతా పెట్టి పక్కకి లాగింది. జానెడు తెరుచుకుంది. వదిన ఇంకా మెట్ల మీదే ఉంది, పార మీద చెయ్యి ఆనించి నడుం పట్టుకుని.

"వదినా! రెండింటికి రాను!"

గొంతు చీలిపోయింది. బస్సులో టోపీలన్నీ పైకి లేచాయి. వదిన చుట్టూ చూసి, బస్సుని చూసి, నోరు తెరిచింది.

"నేను రాను వదినా! మనిషిని చూసుకో! రేపు కూడా రాను!"

పిచ్చుక తల్లి అద్దంలోంచి చూసింది. బస్సుని కొంచెం నెమ్మది చేసింది. వదిన పారని పైకెత్తింది. కోపంతో ఎత్తిందో, సరే పొమ్మని ఎత్తిందో, తోసిన మంచుని అవతలికి విసరడానికే ఎత్తిందో, బస్సు మలుపు తిరిగేలోపు తెలియలేదు.

"ఏమ్మాయ్, చెప్పడం అయిపోతే ఆ కిటికీ మూస్తావా? చెవులు ఊడిపోతున్నాయి!" అన్నాడు వెనక సీట్లో ముసలాయన.

"మూస్తున్నా తాతా" అని చిన్నక్క రెండు చేతులతో లాగింది. అది కదల్లేదు. చల్లటి గాలి మొహాన కొడుతుంటే, కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే, వంతెన వచ్చేదాకా లాగుతూనే ఉంది.